నల్లగుడ్డు ముందే దెబ్బతిన్న కంట్లో మళ్ళీ పుండు పడితే: సరిహద్దు ఒడిశాలోని తెలుగువాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి?

మా అమ్మ ఎడమ కంటి నల్లగుడ్డు మీద పాత మచ్చ ఉంది. ఎప్పుడో హెర్పిస్ అనే వైరస్ వల్ల పుండు పడి, మానాక అక్కడ పువ్వు మిగిలింది. అప్పటి నుంచి ఆ కన్ను కాస్త మొద్దుబారింది. నలుసు పడినా ఆమెకు పెద్దగా తెలియదు. రెండేళ్ళ కిందట నూర్పుల రోజుల్లో కళ్ళం ఊడుస్తుంటే ఆ కంట్లో దుమ్ము పడింది. మర్నాడు ఎర్రబడింది. మందుల షాపులో అడిగితే చుక్కల మందు ఇచ్చారు. మూడు రోజుల్లో ఎరుపు తగ్గింది. తొమ్మిదో రోజుకి నల్లగుడ్డు మీద బియ్యప్పిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు, అవీ ఒక వలయంలా, కనిపించాయి.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద చర్చ. మామయ్య బరంపురం మెడికల్ కాలేజీ అన్నాడు. తమ్ముడు విశాఖ అన్నాడు. పక్కింటి పిన్ని, ముందు ఇక్కడి కంటి డాక్టరుకి చూపించండి అంది. ముగ్గురూ మా మంచి కోరే చెప్పారు. దేన్ని చూసి ఎంచుకోవాలో మాత్రం ఎవరికీ తెలియలేదు. అలా ఒకటిన్నర రోజు పోయింది.

గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఉండే మనవాళ్ళలో చాలామందికి ఇదే చిక్కు. ఉండేది ఒడిశాలో, చుట్టాలు ఆంధ్రలో. కార్డు ఒక రాష్ట్రానిది, దగ్గరున్న పెద్ద ఊరు ఇంకో రాష్ట్రానిది. నేను డాక్టర్ని కాను. అమ్మ కంటి కోసం నెలల తరబడి తిరిగి, డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఏ మందు వేయాలో డాక్టరే చెప్పాలి. ఎక్కడికి, ఎంత తొందరగా వెళ్ళాలన్నది మనం తేల్చుకోవాలి.

ముందే దెబ్బతిన్న కన్ను ఎందుకు వేరు

నల్లగుడ్డు అని పిలుస్తాం గానీ అది నిజానికి నల్లగా ఉండదు. గాజులా తేటగా ఉండే పొర అది, వెనక ఉన్న రంగు దానిలోంచి కనిపిస్తుంది. మధ్యలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు. దాని పైన అయిదారు వరసల కణాలతో పల్చటి పూత ఉంటుంది. ఆ పూత చెక్కుచెదరనంత కాలం చాలా రకాల సూక్ష్మజీవులు లోపలికి పోలేవు. రెప్ప తుడుస్తుంది, కన్నీరు కడుగుతుంది.

ఆ కాపలా చెడిన కళ్ళు కొన్ని ఉన్నాయి. దాత కన్ను నుంచి నల్లగుడ్డు మార్పిడి చేయించుకున్నవి. పాత పుండు మాని పువ్వు మిగిలినవి. మూతి వంకర పోయినప్పుడో, కుష్ఠువ్యాధి వల్లనో నరం దెబ్బతిని రెప్ప పూర్తిగా మూతపడనివి. ఏదో మందు పడక ఒళ్ళంతా పొక్కి, ఆ తర్వాత కళ్ళు ఎండిపోయినవి. శుక్లాల ఆపరేషన్ తర్వాత నల్లగుడ్డు వాచి నీటిపొక్కులు లేచేవి. ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ చుక్కలు పడుతున్నవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మామూలు కంటిని ఏమీ చేయలేని బ్యాక్టీరియా కూడా ఇలాంటి కళ్ళలో కాపురం పెడుతుంది.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. ఇలాంటి కళ్ళలో నొప్పి, ఎరుపు అనే గుర్తుల్ని నమ్మలేం. హెర్పిస్ వచ్చిపోయిన కంటికి స్పర్శ తగ్గుతుంది, అందుకే పుండు పడినా నొప్పి ఉండకపోవచ్చు. స్టెరాయిడ్ వాడుతున్న గ్రాఫ్ట్ కంట్లో, అంటే నల్లగుడ్డు మార్పిడి అయిన కంట్లో, ఒక రకం స్ట్రెప్టోకాకస్ చేరితే తెల్లటి మంచుపూల కొమ్మల్లాంటి గీతలు పాకుతాయి, కన్ను మాత్రం దాదాపు ఎర్రబడదు. కాబట్టి నొప్పి వచ్చాక చూద్దాంలే అనుకోకండి. చూపు నిన్నటి కంటే మసకగా ఉన్నా, వెలుతురు చూడలేకపోతున్నా, కొత్తగా తెల్ల చుక్క కనిపించినా, అద్దంలో చూసుకున్న ఆ రోజే కదలాలి.

క్రిమి పేరు తెలియకుండా మందు ఎందుకు కుదరదు

అరుదైన బ్యాక్టీరియా అన్నా అన్నీ ఒకేలా ఉండవు. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదాన్ని తాకను కూడా తాకదు.

నోకార్డియా మట్టిలో ఉంటుంది. పొలం, పెరడు, పశువుల శాల, ఎక్కడైనా సరే. నల్లగుడ్డు మీద చిన్న చిన్న తెల్ల చుక్కలు దండ గుచ్చినట్టు వలయంగా వస్తాయి. సూక్ష్మదర్శినిలో సన్నని కొమ్మల దారాల్లా కనిపిస్తుంది, అందుకే ఫంగస్ అని పొరబడే వీలుంది. ఫంగస్ అనుకుని నాటమైసిన్ చుక్కలు మొదలుపెడితే వారాలు వృథా. ఎమికాసిన్ అనే యాంటీబయాటిక్ చుక్కలకి మాత్రం ఇది బాగా లొంగుతుంది.

ఎటిపికల్ మైకోబ్యాక్టీరియా క్షయ క్రిమికి దూరపు చుట్టం. దెబ్బ తగిలాకనో, ఆపరేషన్ తర్వాతనో, స్టెరాయిడ్ వాడే కంట్లోనో నెమ్మదిగా, మొండిగా పెరుగుతుంది. దీనికీ ఎమికాసిన్ వాడతారు, క్లారిత్రోమైసిన్ లాంటివి కలుపుతారు. చికిత్స నెలల్లో ఉంటుంది.

ఇక స్టెనోట్రోఫోమొనాస్, అక్రోమోబాక్టర్. ఇవి నీటిలోనూ తడి ఉన్న చోట్లా బతుకుతాయి. గ్రాఫ్ట్ కళ్ళలో, కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్ళలో కనిపిస్తాయి. నోకార్డియాను మాన్పే ఎమికాసిన్ కుటుంబం మందులకి ఇవి చాలాసార్లు లొంగవు. ఒకరి సీసా ఇంకొకరు వాడకూడదని డాక్టర్లు అంతగా చెప్పేది ఇందుకే.

మొరాక్సెల్లా ఎక్కువగా ముసలివాళ్ళలో, షుగరున్నవాళ్ళలో, సరైన తిండి లేనివాళ్ళలో, తాగుడు అలవాటున్నవాళ్ళలో, ముందే దెబ్బతిన్న కళ్ళలో వస్తుంది. మామూలు యాంటీబయాటిక్‌లకే లొంగుతుంది, కాకపోతే మానడానికి వారాలు పడుతుంది. ఓపిక లేక మధ్యలో మందు మార్చేస్తే చెడిపోతుంది.

వీటికి తోడు మన వ్యవసాయ జిల్లాల్లో ఫంగస్ పుండ్లు చాలా ఎక్కువ. వాటి మందు పూర్తిగా వేరు. బయటి నుంచి చూసి ఏది ఏదో ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా ప్రతిసారీ కచ్చితంగా చెప్పలేరు.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

దూరం, ఖర్చు, ఆసుపత్రి పేరు: మనం మామూలుగా చూసేవి ఇవే. ఈ జబ్బుకి నేను వాటిని కిందికి దింపుతాను.

మొట్టమొదట అడగాల్సింది, వెళ్ళిన రోజే పుండు గీకి పరీక్ష చేస్తారా అని. దీన్ని స్క్రేపింగ్ అంటారు. మత్తు చుక్క వేసి, స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే దీపం, సూక్ష్మదర్శిని) ముందు కూర్చోబెట్టి, సన్నని బ్లేడుతో పుండు అంచు నుంచి కొంచెం గీకి గాజు పలక మీద రాస్తారు. అయిదు పది నిమిషాల పని. అమ్మకి చేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను, ఆమె వేలు కూడా కదల్చలేదు. ఆ పలకకి రంగులేసి చూస్తే బ్యాక్టీరియానా, ఫంగసా, నోకార్డియానా అన్నది గంటల్లో ఒక అంచనాకి వస్తుంది. మిగిలినదాన్ని కల్చర్‌కి, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూడటానికి, పెడతారు. మామూలు బ్యాక్టీరియా ఒకటి రెండు రోజుల్లో పెరుగుతుంది. నోకార్డియా, మైకోబ్యాక్టీరియా లాంటివాటికి వారం, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కావాలి. రెండు రోజులు చూసి ఏమీ పెరగలేదని పారేస్తే ఈ అరుదైనవే తప్పిపోతాయి. అందుకే కల్చర్ ఎన్నాళ్ళు ఉంచుతారని అడగడం తప్పు కాదు.

రెండోది, ఫోర్టిఫైడ్ చుక్కలు దొరుకుతాయా అన్నది. షాపులో దొరికే సీసా కంటే గాఢంగా, ఇంజెక్షన్ మందుతో కలిపి తయారుచేసే చుక్కలివి. ఎమికాసిన్, సెఫజోలిన్, వాంకోమైసిన్ ఇలా ఇస్తారు. ఫ్రిజ్‌లో పెట్టాలి, వారం లోపే కొత్తవి తేవాలి.

మూడోది, రెండు మూడు రోజులకోసారి మళ్ళీ వెళ్ళగలమా, లేదా అక్కడే అడ్మిట్ చేసుకుంటారా. నాలుగోది, కన్ను చిల్లుపడితే అక్కడే చూసుకోగలరా. భాష, కార్డు, తోడు ఎవరు అన్నవి వీటి తర్వాత.

| ఎక్కడ | అదే రోజు స్క్రేపింగ్ | ఫోర్టిఫైడ్ చుక్కలు | చిల్లుపడితే | నాకు తోచినది |
|---|---|---|---|---|
| మందుల షాపు | లేదు | లేదు | లేదు | ఈ కళ్ళకి అసలు వద్దు |
| ఊళ్ళో కంటి డాక్టరు, విజన్ సెంటర్ | అరుదుగా | అరుదుగా | పంపించేస్తారు | మొదటి చూపుకి, చీటీ రాయించుకోడానికి, తర్వాతి చెకప్‌లకి |
| ప్రభుత్వ మెడికల్ కాలేజీ | మైక్రోబయాలజీ విభాగం ఉంటుంది, సమయం అడగాలి | అడగాలి | కొంతవరకు | తోడు లేనివాళ్ళకి, అడ్మిషన్ కావాల్సినవాళ్ళకి |
| విశాఖ, భువనేశ్వర్‌లోని కార్నియా (నల్లగుడ్డు) విభాగాలు | అవును | అవును | అవును | గ్రాఫ్ట్ కళ్ళకి, ఒంటికన్నువాళ్ళకి, మందు పనిచేయని పుండ్లకి |

మందుల షాపు

దీని మీద ఎక్కువ రాయను. పేరుకి యాంటీబయాటిక్ చుక్కలే, కానీ కొన్నిట్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ ఎరుపుని, మంటని అణచేస్తుంది. పుండు మాత్రం ఆ ముసుగు కింద పెరుగుతూనే ఉంటుంది. నందివర్ధనం రసం, తల్లిపాలు, ఆముదం కూడా ఈ కళ్ళలో పోయకండి. కట్టు కట్టకండి, కట్టు కింద వెచ్చగా, చెమ్మగా ఉంటే క్రిములకి ఇంకా హాయి.

ఊళ్ళో కంటి డాక్టరు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం లాంటి చోట్ల కంటి డాక్టర్లున్నారు. రాయగడలో ఎల్.వి. ప్రసాద్ సంస్థ నడిపే కంటి ఆసుపత్రి కూడా ఉంది. స్లిట్ ల్యాంప్ కింద చూసి, ఇది కలక కాదు, పుండు అని చెప్పడమే వీళ్ళు చేసే పెద్ద మేలు. పుండు అన్నాక అక్కడే స్క్రేపింగ్ చేయగలిగితే సరే. లేకపోతే, "డాక్టరుగారూ, ఇవాళే ఎక్కడికి పంపిస్తారు?" అని అడగండి. మంచి డాక్టరు చిన్నబుచ్చుకోడు.

చుక్కలు ముందే మొదలుపెట్టాలా వద్దా అన్న సందేహం ఇక్కడే వస్తుంది. స్క్రేపింగ్ చేసే చోటికి ఆ రోజే చేరగలిగితే, మందు పడకముందు తీసిన నమూనాలోనే క్రిమి బాగా దొరుకుతుంది. చేరడానికి ఒక రోజు దాటేలా ఉంటే, ఊళ్ళో డాక్టరు రాసిన యాంటీబయాటిక్ చుక్కలు గంటగంటకీ వేసుకుంటూ బయల్దేరడమే మేలు. అందులో స్టెరాయిడ్ లేదు కదా అని మాత్రం అడిగి మరీ తీసుకోండి.

విశాఖలోనో బరంపురంలోనో చికిత్స మొదలయ్యాక మధ్య చెకప్‌లకి ఊళ్ళో డాక్టరే ఆసరా. మొదటి పదిరోజుల తర్వాత మాకు అలాగే గడిచింది. పుండు కొలత రాసి, ఫొటో తీసి ఫోన్‌లో పంపేవారు.

ప్రభుత్వ మెడికల్ కాలేజీ

బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ 1962 నుంచి ఉంది. కోరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ 2017లో మొదలైంది. మెడికల్ కాలేజీలో కంటి విభాగం, మైక్రోబయాలజీ విభాగం రెండూ ఉంటాయి. గంజాం జిల్లావాళ్ళకి బరంపురం గుమ్మంలో ఉన్నట్టే, అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళకీ కొరత లేదు.

చాలామంది మర్చిపోయే ఒక మంచి ఇక్కడ ఉంది, అది అడ్మిషన్. మొదటి రెండు రోజులు గంటగంటకీ, రాత్రి కూడా చుక్కలు వేయాలి. డెబ్బై ఏళ్ళ మనిషి ఒంటరిగా ఉంటే, పిల్లలు సూరత్‌లోనో హైదరాబాద్‌లోనో పనిలో ఉంటే, రాత్రి రెండింటికి ఆ చుక్క ఎవరు వేస్తారు? విశాఖలో ఎంత పెద్ద డాక్టరు చూసినా, ఇంటికొచ్చాక చుక్కలు పడకపోతే ఆ చూపించడం దండగ. అలాంటివాళ్ళకి బరంపురంలో మంచం దొరికితే అదే మేలని నా అభిప్రాయం.

చిక్కు కూడా ఉంది. రద్దీ ఎక్కువ. ఓపీ మధ్యాహ్నానికి ముగిసిపోవచ్చు, ల్యాబ్ సమయాలు వేరుగా ఉండవచ్చు. ఆదివారమో పండగో అయితే నమూనా మర్నాటికి పడవచ్చు. పొద్దున్నే వెళ్ళండి. చీటీ రాసే దగ్గరే "నల్లగుడ్డు మీద పుండు, ముందే దెబ్బతిన్న కన్ను" అని చెప్పండి. కలక కేసులా వరసలో కూర్చోబెట్టకుండా ఉండటానికి ఆ ఒక్క మాట పనికొస్తుంది.

విశాఖ, భువనేశ్వర్

ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ విశాఖలో హనుమంతవాక దగ్గర, భువనేశ్వర్‌లో పటియా దగ్గర ఉంది. రెండూ 2006లో మొదలయ్యాయి. రెండు చోట్లా కార్నియా విభాగం, కంటి సూక్ష్మజీవుల ల్యాబ్ ఉన్నాయి. విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి కూడా ఉంది, కంటికే ప్రత్యేకమైన ఆసుపత్రి కాబట్టి డబ్బుకి ఇబ్బంది ఉన్నవాళ్ళు దాన్ని మర్చిపోకూడదు.

రెండు ఊళ్ళలో ఏది? నేను చెప్పేది సూటిగా. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, కోరాపుట్ వైపువాళ్ళకి విశాఖ. గుణుపురం నుంచి పర్లాకిమిడి, పాతపట్నం, నౌపడా మీదుగా విశాఖ పోయే బండి ఉంది. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా నేరుగా రైళ్ళున్నాయి. ఛత్రపురం, బరంపురం వైపువాళ్ళకి భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు, విశాఖ దానికంటే చాలా దూరం. రాయగడ నుంచి భువనేశ్వర్‌కి హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి ప్రయాణం. పుండున్న కంటికి ఆ రాత్రి చాలా విలువైనది.

భాష సంగతి చిన్నది కాదు. మందు ఎప్పుడెప్పుడు, ఏ సీసా ముందు, ఏ సీసా తర్వాత, రెంటికీ మధ్య ఎన్ని నిమిషాలు: ఇది రోగికి తన భాషలో అర్థం కావాలి. అమ్మకి ఒడియా అర్థమవుతుంది గానీ అలసిపోయి ఉన్నప్పుడు తెలుగే పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళ విషయంలో దీన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. అయితే భాష కోసమని స్క్రేపింగ్ లేని చోటు ఎంచుకోకండి. తోడుగా ఒడియా బాగా వచ్చిన మనిషిని పంపండి.

కార్డుల మాట. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ పథకం అమల్లోకి వచ్చింది. ఆ కార్డు పథకంలో చేరిన ఆసుపత్రుల్లో, వేరే రాష్ట్రంలో కూడా చెల్లుతుంది. కాకపోతే అది అడ్మిట్ అయిన చికిత్సకే, ఓపీ ఫీజు, చుక్కల ఖర్చు మనదే. ఆంధ్ర ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ ఆంధ్రవాసులకే. చుట్టాల కార్డుతో నెట్టుకొద్దాం అనుకుని వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడిపోకండి. వెళ్ళే ముందు ఫోన్ చేసి, ఈ కంటి ఆపరేషన్‌కి మా కార్డు పనిచేస్తుందా అని అడగండి.

ఎవరు ఎటు

నల్లగుడ్డు మార్పిడి అయినవాళ్ళు ఎక్కడా ఆగకండి. మార్పిడి చేసిన ఆసుపత్రికే ఫోన్ చేసి, అదే రోజు బయల్దేరండి. గ్రాఫ్ట్ కళ్ళలో కుట్టు వదులైపోయి, ఆ దారం పట్టుకుని క్రిమి లోపలికి పోవడం తరచుగా జరిగేదే. కంట్లో ముల్లులా గుచ్చుతోందంటే అది కుట్టే కావచ్చు, దాన్ని తీయాల్సింది వాళ్ళే. రోజూ వేసే స్టెరాయిడ్ చుక్కల్ని సొంతంగా మానకండి, సొంతంగా పెంచకండి. పుండుకి స్టెరాయిడ్ చెరుపు, ఆపితే గ్రాఫ్ట్‌ని ఒళ్ళు తిప్పికొట్టే భయం. ఈ రెంటి మధ్య తూకం మన చేతిలో పని కాదు.

ఒక్క కన్నే చూపున్నవాళ్ళు, ఆ కంట్లో పుండు పడితే నేరుగా విశాఖకో భువనేశ్వర్‌కో. అప్పు చేసైనా సరే అంటాను.

రెప్ప మూతపడనివాళ్ళకి పుండు మానినా మూలం ఉండిపోతుంది. రెప్పల్ని కొంత కుట్టి మూసే చిన్న ఆపరేషన్ గురించి డాక్టర్ని అడగండి. ముఖం మీద కుట్టేమిటని చాలామంది జంకుతారు, కానీ కన్ను నిలిచేది దానితోనే. కుష్ఠువ్యాధికి మందు వాడి నయమైనవాళ్ళు కూడా వారానికోసారి అద్దంలో కళ్ళు చూసుకోవాలి, ఎందుకంటే వాళ్ళకి నొప్పి తెలియకపోవచ్చు.

పాత పువ్వున్న రైతులు, కూలీలు మొదట ఊళ్ళో డాక్టరుకి చూపించుకోవచ్చు, అదీ అదే రోజు. తెల్లచుక్క కనిపిస్తే మర్నాటికి మెడికల్ కాలేజీ. రెండు రోజుల మందుకి పుండు తగ్గకపోతే విశాఖ, భువనేశ్వర్.

కంట్లోంచి ఒక్కసారిగా వెచ్చని నీరు కారినా, నల్లగుడ్డు మీద నల్లటి బుడిపె పొడుచుకొచ్చినా కన్ను చిల్లుపడిందని లెక్క. తాకకండి, నొక్కకండి, చుక్కలు పోయకండి. కంటిని తగలకుండా పైన ప్లాస్టిక్ కప్పు లాంటిది టేపుతో అంటించి, ఏ గంటైనా సరే పెద్ద ఆసుపత్రికి బండి కట్టించండి. చిన్న చిల్లుకి మెడికల్ జిగురు పెట్టి, పైన కాంటాక్ట్ లెన్స్ పెడతారు. పెద్దదైతే దాత నల్లగుడ్డుతో అత్యవసరంగా మార్పిడి చేస్తారు. ఇవి ఊళ్ళో అయ్యే పనులు కావు.

చేరాక: ఒకటే సీసానా, రెండు మూడా

మామూలు చిన్న పుండుకి మాక్సిఫ్లాక్సాసిన్ లాంటి ఒక్క సీసాతో మొదలుపెట్టడం తప్పు కాదు. తేలిక, చౌక, ఫ్రిజ్ అక్కర్లేదు. దెబ్బతిన్న కంట్లో, పెద్ద పుండులో ఫోర్టిఫైడ్ చుక్కలు రెండు రకాలు కలిపి ఇచ్చే డాక్టర్లు ఎక్కువ. అవి మండుతాయి, పైపూతని కూడా కాస్త దెబ్బతీస్తాయి, అందుకే పుండు అదుపులోకి వచ్చాక తగ్గిస్తారు. మంట భరించలేక అమ్మ రెండుసార్లు మానేద్దామంది. మండినా వేయాలా అని డాక్టర్ని ఫోన్‌లో అడిగితే, సీసాల మధ్య అయిదు నిమిషాలు వదలండి, ఎమికాసిన్ ఆపకండి అన్నారు.

స్టెరాయిడ్ గురించి ఒక పరిశోధన చెప్పాలి. మదురై అరవింద్ కంటి ఆసుపత్రి పాలుపంచుకున్న స్కట్ అధ్యయనం 500 మంది రోగుల మీద జరిగి 2012లో వెలువడింది. ముందు రెండు రోజులు యాంటీబయాటిక్ వేసి, ఆ తర్వాత కొందరికి స్టెరాయిడ్ చేర్చి, మిగిలినవాళ్ళకి చేర్చకుండా చూశారు. మూడు నెలల తర్వాత మొత్తం మీద చూపులో తేడా కనిపించలేదు. నోకార్డియా ఉన్నవాళ్ళలో మాత్రం స్టెరాయిడ్ పడ్డ కళ్ళలో మచ్చ పెద్దదైంది. క్రిమి పేరు తేలకముందు ఎవరైనా స్టెరాయిడ్ రాస్తే ఎందుకని అడగడానికి మనకి హక్కుంది.

అమ్మ పలకని ల్యాబ్‌లో నాకు చూపించారు. నీలం రంగు నేల మీద ఎర్రటి దారాలు, జుట్టు కంటే ఎన్నో రెట్లు సన్నగా, కొమ్మలు కొమ్మలుగా. మామూలు రంగుతో చూసినప్పుడు ఫంగస్ అనే అనుమానపడ్డారట. దారాలు మరీ సన్నగా ఉన్నాయని పల్చటి ఆసిడ్‌తో చేసే ఇంకో రంగు వేస్తే నోకార్డియా అని తేలింది. ఆ సాయంత్రమే ఎమికాసిన్ మొదలైంది. రెండు నెలలు పట్టింది. మచ్చ ముందుకంటే పెద్దదైంది. ఆ కంటితో ఇప్పుడు మనుషుల్ని పోల్చుకుంటుంది గానీ అక్షరాలు చదవలేదు.

సంచిలో ఏం పెట్టుకోవాలి

పాత ఆపరేషన్ కాగితాలు. షుగరు, బీపీ మందుల చీటీ. ఆధార్, ఆయుష్మాన్ కార్డులు. ఫోర్టిఫైడ్ చుక్కలు ఇస్తే వెనక్కి తేవడానికి ఒక చిన్న థర్మోకోల్ డబ్బా. మంచు పలుకులు సీసాకి నేరుగా తగలకుండా గుడ్డ చుట్టాలి. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే ఎవరింట్లో పెట్టాలో ముందే మాట్లాడుకోండి. మేము ఎదురింటి పెద్దమ్మ ఫ్రిజ్‌లో పెట్టాం, రాత్రుళ్ళు కూడా ఆవిడ తలుపు తీసేది. గంటలు గుర్తు పెట్టడానికి ఒక నోటు పుస్తకం, ఫోన్‌లో అలారం.

వీటన్నిటితో పాటు ఇప్పటిదాకా వేసిన ప్రతి సీసా, ఖాళీదైనా సరే. బయల్దేరేటప్పుడు అమ్మ ఆ షాపు సీసాని, అయిపోయింది కదా అని చెత్తబుట్టలో వేసింది. తమ్ముడు తీసి కవర్లో పెట్టాడు. ఆసుపత్రిలో డాక్టరు దాన్ని వెలుతురుకి పట్టుకుని, లేబుల్ మీది చిన్న అక్షరాలు రెండుసార్లు చదివి, "ఇది ఎన్ని రోజులు వేశారు?" అని అడిగారు. తొమ్మిది రోజులని అమ్మ చెప్పింది. ఆయన స్క్రేపింగ్ బ్లేడు తెమ్మని నర్సుకి చెప్పి, నమూనాతో ల్యాబ్‌కి పంపే కాగితం మీద స్టెరాయిడ్ అని రాసి కింద గీత గీశారు.